కూరగాయలతో పువ్వులు: ఏ కాయ తీసుకోవాలి, ఏ కత్తి కొనాలి?

క్యారెట్ పువ్వు మేలా, టమాటా గులాబీ మేలా, లేక ఏకంగా పుచ్చకాయే చెక్కేద్దామా అని ఆలోచించే ముందు రెండు సంగతులు తేల్చుకోండి. ఆ పువ్వును ఎవరు తింటారు? చెక్కాక ఎంతసేపు పళ్ళెంలో ఉండాలి? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఎంపిక సగం అయిపోయినట్టే. ఫోటోలో బాగుందని కాయను ఎంచుకుంటే వడ్డించే వేళకి వాడిపోవచ్చు. వాడకపోయినా, భోజనాలయ్యాక ఎవరూ ముట్టకుండా చెత్తబుట్టలోకి పోవచ్చు. తినే వస్తువును చెక్కుతున్నప్పుడు అది చివరికి ఎవరి కడుపులోకైనా చేరాలన్నది నా పట్టుదల. ఇక్కడ చెప్పే సలహాలన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి.

ఈ పనిలో రెండు దారులున్నాయి. మెక్సికోలోని వహాకా నగరంలో 1897 నుంచి ఏటా డిసెంబరు 23న ముల్లంగి శిల్పాల పోటీ జరుగుతుంది. ఆ ముల్లంగులు చూడటానికే తప్ప తినడానికి కావు. జపాన్‌లో కొత్త సంవత్సరం వంటల కోసం క్యారెట్‌ను ఐదు రేకుల ఉమే (ప్లమ్ జాతి చెట్టు) పువ్వులా కోసి, ఉడికించి, పువ్వుతో సహా తినేస్తారు. థాయ్‌లాండ్‌లో ఒకప్పుడు రాజభవనాల స్త్రీలు నేర్చుకున్న పళ్ళ చెక్కుడు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. మన పెళ్ళి బఫేల్లో కనిపించే పుచ్చకాయ గులాబీలు ఎక్కువగా ఆ థాయ్ పద్ధతివే.

ఇంట్లో చేసుకునేవాళ్ళకి జపాన్ దారే మంచిదని నా అభిప్రాయం. నిజానికి అది మనకి కొత్తేమీ కాదు. బస్టాండ్లలో కీరాను నాలుగు పాయలుగా చీల్చి ఉప్పుకారం పెట్టి ఇస్తారు. బీచ్‌లో బండి మీద మామిడికాయను టెంక దాకా చీరి, పువ్వులా విప్పి, కారం చల్లి చేతికిస్తారు. రెండూ పువ్వులే, రెండూ చివరి ముక్క దాకా తినేవే.

ముందు నీళ్ళ సంగతి

ఏ కాయ ఎంచుకున్నా రెండు రకాల నీళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ఒకటి ఐస్ వేసిన మామూలు నీళ్ళు, రెండోది ఉప్పు నీళ్ళు. వీటి పని పూర్తిగా వేరు.

చల్లటి మంచినీళ్ళలో వేస్తే కూరగాయ ముక్క నీటిని లోపలికి పీల్చుకుంటుంది. కణాలు ఉబ్బి ముక్క బిగుస్తుంది, రేకులు విచ్చుకుంటాయి. గుండ్రటి ఎర్ర ముల్లంగిలో ఇది చాలా స్పష్టంగా కనిపిస్తుంది. లోపలి తెల్ల కండ ఉబ్బుతుంది, పైతోలు అంతగా సాగదు, అందుకే రేకు బయటికి వంగుతుంది. ఉప్పు నీళ్ళలో వేస్తే ఇదంతా తిరగబడుతుంది. ఉప్పు నీటిని బయటికి లాగేస్తుంది, ముక్క మెత్తబడుతుంది, విరగకుండా చుట్టుకుంటుంది. క్యారెట్‌ను పలచటి పట్టీలుగా తీసి గులాబీలా చుట్టాలంటే పది పదిహేను నిమిషాలు ఉప్పు నీళ్ళలో ఉంచక తప్పదు. రేకులు విచ్చుకోవాలంటే మంచినీళ్ళు, చుట్టాలంటే ఉప్పు నీళ్ళు. ఇది తెలియకే చాలామంది "ఈ క్యారెట్ మంచిది కాదు, విరిగిపోతోంది" అని కాయ మీదకి నెట్టేస్తారు.

ముల్లంగి: మొదటిసారి చేసేవాళ్ళకి నేను చెప్పేది ఇదే

మన రైతు బజార్లలో ఎక్కువగా దొరికేది పొడుగు తెల్ల ముల్లంగి. చిన్న గుండ్రటి ఎర్ర ముల్లంగి సూపర్ మార్కెట్లలో, అదీ చలికాలంలో కాస్త బాగుంటుంది. పిల్లలతో కలిసి చేయాలనుకుంటే ఎర్రది తీసుకోండి. పక్కల నుంచి ఐదారు పలచటి రేకులు అడుగు దాకా తెగకుండా కోసి ఐస్ నీళ్ళలో వేస్తే చాలు, కాసేపట్లో అదే విచ్చుకుంటుంది. ఖర్చు కొంచెం ఎక్కువ, శ్రమ మాత్రం తక్కువ.

తెల్ల ముల్లంగితో చామంతి చేయొచ్చు. జపాన్ వాళ్ళు చేసే టర్నిప్ చామంతిని చూసి మన ముల్లంగికి మార్చుకున్నా చక్కగా కుదురుతుంది. ముల్లంగి లావుగా ఉన్న చోట ఒకటిన్నర అంగుళం ఎత్తు ముక్క కోసి, చెక్కు తీసి, నిలబెట్టండి. దానికి అటూ ఇటూ రెండు సన్నటి చెక్కపుల్లలు ఆనించండి. చాప్‌స్టిక్‌లు ఉంటే మరీ మంచిది. ఇప్పుడు పైనుంచి వీలైనంత దగ్గర దగ్గరగా కోసుకుంటూ పోండి. కత్తి పుల్లకి తగిలి ఆగిపోతుంది కాబట్టి అడుగున కొంచెం మందం మిగులుతుంది, ముక్క విడిపోదు. మొత్తం కోశాక ముక్కను పక్కకి తిప్పి, మొదటి గీతలకి అడ్డంగా మళ్ళీ అలాగే కోయండి. చూస్తే సన్నటి గళ్ళలా ఉంటుంది, పువ్వు ఛాయ కూడా కనిపించదు. కంగారు పడొద్దు. దాన్ని ఉప్పు నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచి, అరచేతుల మధ్య పెట్టి మెల్లగా పిండి, నిమ్మరసం, చిటికెడు పంచదార కలిపిన గిన్నెలో వేయండి. గంట తర్వాత వేళ్ళతో సర్దితే రేకులు నాలుగు వైపులా పరుచుకుంటాయి. నిమ్మరసంలో చిటికెడు పసుపు వేస్తే పసుపు చామంతి అవుతుంది. మధ్యలో పండుమిరప నుంచి సన్నటి చక్రం ఒకటి కోసి పెట్టండి.

దీన్ని అందరికంటే ముందు పెట్టడానికి కారణం రుచి. ఉప్పు, నిమ్మరసం పట్టిన ముల్లంగికి ఘాటు తగ్గి ఊరగాయలా ఉంటుంది. బిర్యానీ పక్కన పెడితే ప్లేటులో మిగలదు. ముందు రోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు కాబట్టి ఫంక్షన్ రోజు టెన్షన్ కూడా ఉండదు.

క్యారెట్: ఎక్కువ మందికి ఇదే

పదిమంది దాటితే క్యారెట్‌కి మించింది లేదు. లావుగా, నిటారుగా ఉన్న ఊటీ క్యారెట్ తీసుకోండి. చలికాలంలో వచ్చే ఎర్ర క్యారెట్ హల్వాకి బాగుంటుంది గానీ, చెక్కడానికి ఊటీదే గట్టి. చెక్కు తీసి, పైనుంచి కింది దాకా ఐదు చోట్ల వి ఆకారంలో సన్నటి కాలవలు తీసి, అడ్డంగా చక్రాలు కోస్తే ఒక్కో చక్రమూ ఐదు రేకుల పువ్వే. మధ్యలో ఉండే లేత రంగు దుంప భాగం పువ్వు బొడ్డులా అదే వస్తుంది. ఒకే కాయకి డజను పువ్వులు సులువుగా దిగుతాయి.

ఇంకొంచెం ఓపిక ఉంటే ఆ చక్రాన్ని కాస్త మందంగా కోసి, రేకుకీ రేకుకీ మధ్య పల్లం నుంచి మధ్యబొడ్డు దాకా కత్తితో చిన్న గాటు పెట్టండి. తర్వాత పక్క రేకు మధ్య నుంచి ఆ గాటు వైపు ఏటవాలుగా కోసి, పలచటి ముక్కను తీసేయండి. ఐదు రేకులకీ ఒకే వైపు తీయాలి. బల్లపరుపుగా ఉన్న చక్రానికి ఒక్కసారిగా ఎత్తుపల్లాలు వస్తాయి. పైన చెప్పిన జపాన్ ఉమే పువ్వు ఇదే.

క్యారెట్‌లో ఇంకో సుగుణం ఉంది. దాని రంగు నీళ్ళలో కరగదు, కాబట్టి పక్కన పెట్టిన పెరుగన్నాన్నో, కీరానో పాడు చేయదు. మెల్లగా ఉడికిస్తే ఆకారం కూడా చెడదు. వెజ్ పులావ్‌లో, సాంబారులో, సూప్‌లో పువ్వులు పువ్వులుగానే ఉంటాయి. కూరగాయలంటే ముఖం తిప్పుకునే పిల్లలు ఈ పువ్వుని ఏరుకుని మరీ తినడం మీరే చూస్తారు.

టమాటా, కీరా, ఉల్లి, మిగతావి

టమాటా గులాబీ అందరికీ తెలిసిందే. కోలగా, గట్టిగా ఉండే హైబ్రిడ్ కాయ తీసుకుని, అడుగు నుంచి మొదలుపెట్టి ఒకటే పట్టీగా తోలు తీసి చుట్టేయాలి. పుల్లటి నాటు టమాటా పప్పుకే గానీ దీనికి పనికిరాదు, తోలు చిరిగిపోతుంది. రెండు నిమిషాల్లో అయిపోవడం దీని బలం. అయినా నా జాబితాలో ఇది కిందే ఉంటుంది, ఎందుకంటే ఆ తోలు చుట్టని తినేవాళ్ళు అరుదు. అతిథులు గుమ్మంలో ఉన్నారు, సలాడ్ ప్లేటు బోసిగా ఉంది అన్నప్పుడు మాత్రం ఇది ఆదుకుంటుంది. లోపలి గుజ్జు చారులోకి వెళ్ళిపోతుంది.

కీరాను పువ్వుకంటే ఆకుగా వాడుకోండి. తోలుతో కలిపి కోలగా ఒక పలక కోసి, అంచుల్లో చిన్న గాట్లు, మధ్యలో ఈనె గీత పెడితే ఏ పువ్వు పక్కనైనా ఆకు సిద్ధం. కాకపోతే నీళ్ళు ఎక్కువున్న కాయ కాబట్టి ఫ్యాన్ కింద త్వరగా ముడుచుకుపోతుంది. వడ్డనకి కాస్త ముందే కోయాలి.

ఉల్లిపాయను వేరు వైపు తెగకుండా పైనుంచి నిలువుగా చీరి చల్లటి నీళ్ళలో వేస్తే పొరలన్నీ విచ్చుకుంటాయి. నీళ్ళు రెండు మూడు సార్లు మారిస్తే ఘాటూ తగ్గుతుంది. తెల్ల ఉల్లిని బీట్‌రూట్ నీళ్ళలో కాసేపు ఉంచితే గులాబీ రంగు తామర అవుతుంది. కబాబ్‌ల దగ్గర ఇది బాగా చెల్లుతుంది, స్వీట్ల పక్కన మాత్రం వద్దు. పచ్చిమిర్చి పువ్వులు చేస్తే బజ్జీ మిర్చితో చేయండి. చిన్నపిల్లలున్న ఇంట్లో అసలు పెట్టకండి, రంగు చూసి నోట్లో పెట్టుకుంటారు.

బీట్‌రూట్ చెక్కడానికి బాగుంటుంది గానీ, దాని రంగు నీటిలో ఇట్టే కరుగుతుంది, పక్కనున్న ప్రతిదానికీ అంటుతుంది. విడిగా ఒక గిన్నెలో పెట్టగలిగితేనే తీసుకోండి. బంగాళాదుంపను అసలు లెక్కలోకి తీసుకోవద్దు. నల్లబడుతుంది, పచ్చిగా తినలేం.

పళ్ళలో ఏది?

పుచ్చకాయ రాజులాంటిదే. ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు మూడు రంగులూ ఒకే కాయలో పొరలు పొరలుగా ఉంటాయి. అందుకే లోతును బట్టి రేకు రంగు మారుతుంది. మార్కెట్లో ముదురు ఆకుపచ్చగా, చిన్నగా, కోలగా వచ్చే రకాలకి పైతోలు పలచన, తెల్ల పొర తక్కువ. చెక్కడానికి చారల కాయ, గుండ్రంగా, అన్ని వైపులా సమానంగా ఉన్నది చూడండి. మరీ పండింది వద్దు, లోపల ఇసుకలా రాలిపోతుంది. రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే కండ గట్టిపడి కత్తికి బాగా లొంగుతుంది.

పని విధానం ఇలా ఉంటుంది. ఒక వైపు ఆకుపచ్చ తోలు అరచెయ్యంత మేర తీసేయాలి. మధ్యలో చిన్న వృత్తం నిటారుగా కోసి, దాని చుట్టూ ఏటవాలుగా కోసి ముక్క తీస్తే మొగ్గ పైకి తేలుతుంది. అక్కడి నుంచి ప్రతి రేకుకీ రెండు కోతలు. మొదటిది రేకు అంచు, రెండోది దాని వెనక నుంచి వచ్చి పలచటి ముక్కను బయటికి తీసేది. రెండో వరుస రేకు ఎప్పుడూ మొదటి వరుసలోని రెండు రేకుల మధ్య నుంచి మొదలవ్వాలి. చదవడానికి సులువే, చేతికి రావడానికి మాత్రం నాలుగైదు కాయలు పడుతుంది. అందుకే వేసవిలో కాయ చవగ్గా ఉన్నప్పుడు, ఏ ఫంక్షనూ లేనప్పుడు మొదలుపెట్టండి. ఆ కాయలు ఇంట్లోవాళ్ళు ఎలాగూ తింటారు.

ఇంట్లో ఇరవై మంది కూడా లేకపోతే పుచ్చకాయ వద్దనే చెబుతాను. అంత కాయ చెక్కిపెడితే ముట్టుకోవడానికి అందరూ మొహమాటపడతారు, ఎండకి అది అలాగే నీరు కారుతూ కూర్చుంటుంది. దాని బదులు మామిడి తీసుకోండి. దోరగా ఉన్న బంగినపల్లి చెంపని పలచటి ముక్కలుగా కోసి, ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెం జరుపుతూ వరుసగా పేర్చి, ఒక చివర నుంచి చుట్టుకుంటూ వస్తే బంగారు రంగు గులాబీ నిలబడుతుంది. కత్తి పనితనం పెద్దగా అక్కర్లేదు, పలచగా కోయడం వస్తే చాలు. పుల్లగా, కారంగా కావాలంటే కలెక్టర్ మామిడి. దాని కండ గట్టిది, ముక్క విరగదు. ఏప్రిల్ నుంచి జూన్ వరకూ ఏ ఫంక్షన్ ఉన్నా నేను చూపించేది మామిడి వైపే. ఇంతవరకు మామిడి గులాబీ పళ్ళెంలో మిగలడం చూడలేదు.

బొప్పాయి దోరగా ఉన్నప్పుడు రంగూ గట్టిదనమూ రెండూ కలిసొస్తాయి. పచ్చి బొప్పాయిని థాయ్ వాళ్ళు ఎక్కువగా చెక్కుతారు గానీ, మన ఇళ్ళలో సీమంతం పళ్ళెంలో దాన్ని పెట్టకండి. గర్భిణులకి పచ్చి బొప్పాయి పెట్టరన్నది మన పెద్దవాళ్ళు పాటించేదే, డాక్టర్లూ వద్దనే అంటారు. ఆపిల్ కోసిన వెంటనే గోధుమ రంగుకి తిరుగుతుంది. నిమ్మరసం కలిపిన నీళ్ళలో ముంచి తీసినా కొంతసేపే ఆగుతుంది. చివరి నిమిషంలో కోసేదయితేనే ఎంచుకోండి.

కత్తి విషయంలో డబ్బు పారేసుకోకండి

ఆన్‌లైన్‌లో డజన్ల కొద్దీ పనిముట్లున్న కార్వింగ్ సెట్లు అమ్ముతారు. కొత్తవాళ్ళు వాటి జోలికి వెళ్ళొద్దు. అందులో వాడేవి మూడో నాలుగో, మిగతావి సొరుగులో తుప్పు పడతాయి. ముల్లంగి, క్యారెట్, మామిడి వరకూ అయితే ఇంట్లో ఉన్న పీలర్, చిన్న మొన ఉన్న ఒక మంచి స్టీలు చాకు సరిపోతాయి. చాకుకి పదును ఉండాలి, అంతే. మొద్దు చాకును బలంగా నొక్కాల్సి వస్తుంది, అప్పుడే అది జారి వేలు తెగుతుంది.

పుచ్చకాయ మీద మనసుపడితే అప్పుడు థాయ్ చాకు ఒక్కటి కొనండి. దాని అలుగు చిన్నగా, సన్నగా, మొన చాలా వాడిగా ఉంటుంది. కొంచెం వంగుతుంది కూడా. రేకు వంపు తిరిగేది ఆ వంగుడు వల్లే. పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుని, చిటికెన వేలిని కాయ మీద ఆనించి పని చేయాలి. రోజూ క్యారెట్ కాలవలు తీసే వాళ్ళకి వి ఆకారపు చెక్కుడు పనిముట్టు సమయం కలిసొచ్చేలా చేస్తుంది.

పువ్వు ఆకారపు అచ్చులు, అదే కుకీ కట్టర్లలాంటివి, తక్కువగా చూడాల్సినవేమీ కావు. వందమందికి పులావ్‌లో క్యారెట్ పువ్వులు కావాలంటే అచ్చే దిక్కు. చేతి కోత అందం దానికి రాదు గానీ, పిల్లల చేత కూడా చేయించొచ్చు. స్టీలు అచ్చులు తీసుకోండి. ప్లాస్టిక్‌వి పచ్చి క్యారెట్ గట్టిదనానికి ఆగవు.

మనం చేయాలా, కేటరింగ్ వాళ్ళకి చెప్పాలా?

రెండు వందల మంది దాటిన పెళ్ళిలో మధ్య బల్ల మీద పెద్ద పుచ్చకాయల అలంకరణ కావాలంటే చెక్కేవాళ్ళకి అప్పగించడమే నయం. ఒప్పుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. కాయలు ఎప్పుడు చెక్కుతారు, అదే రోజా, ముందు రోజా? రంగులుగానీ మెరుపు కోసం స్ప్రేగానీ వేస్తారా? చెక్కినవి తినడానికా, చూడటానికేనా? వధూవరుల పేర్లు, ముఖాలు చెక్కిన కాయ దాదాపు ఎప్పుడూ చూడటానికే. అలాంటిది ఒకటి ఉంటే ఉండనివ్వండి గానీ, దాని పక్కన తినడానికి విడిగా ముక్కలు పెట్టమని గట్టిగా చెప్పండి. యాభై మంది లోపు ఫంక్షన్ అయితే బయటివాళ్ళ అవసరమే లేదు, ఇంట్లో ఇద్దరు కూర్చుంటే ఒక సాయంత్రం పని.

ఎప్పుడు చెక్కాలో కూడా ఎంపికలో భాగమే

క్యారెట్, ముల్లంగి పువ్వులు ముందు రోజు చేసి నీళ్ళలో ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. పుచ్చకాయను రాత్రి చెక్కితే తడి గుడ్డ కప్పి, పైన క్లింగ్ ఫిల్మ్ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇంటి ఫ్రిజ్‌లో అంత కాయ పడుతుందో లేదో కొనేముందే చూసుకోండి, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. ఉల్లి పొద్దున చేయొచ్చు. టమాటా, కీరా, మామిడి వడ్డనకి గంట ముందు. ఆపిల్ అందరూ కూర్చున్నాక.

కోసిన పళ్ళు, కూరగాయలు ఫ్రిజ్ బయట రెండు గంటలకి మించి ఉంచొద్దు. గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే లెక్క. మే నెలలో షామియానా కింద పెట్టే ఏ పళ్ళెమైనా ఆ గంట లెక్కలోకే వస్తుంది, కాబట్టి ఎండాకాలంలో అన్నీ ఒకేసారి బయట పెట్టకుండా రెండు విడతలుగా పెట్టండి. చెక్కే ముందే కాయను పైతోలుతో సహా బాగా కడగాలి. మాంసం కోసే చెక్క మీద ఈ పని చేయకూడదు. రేకులు నిలబెట్టడానికి టూత్‌పిక్‌లు గుచ్చాల్సి వస్తే ఎన్ని గుచ్చారో లెక్క పెట్టుకుని, పళ్ళెం పిల్లల దగ్గరికి వెళ్ళే ముందు అన్నీ తీసేయండి. అసలు టూత్‌పిక్ లేకుండా నిలబడే పువ్వుని ఎంచుకోవడమే మేలు. ముల్లంగి చామంతి, క్యారెట్ పువ్వు, మామిడి గులాబీ మూడూ అలాంటివే.

చెక్కగా వచ్చిన ముక్కలు పారేయకండి. క్యారెట్ కాలవల తురుము పెరుగు పచ్చడిలోకి, టమాటా గుజ్జు చారులోకి, మామిడి ముక్కలు ఉప్పుకారంతో అక్కడికక్కడే సరి. పుచ్చకాయ తెల్ల భాగాన్ని ఆకుపచ్చ తోలు తీసేసి సొరకాయలా ముక్కలు కోసి పప్పులో వేయొచ్చు, పెసరపప్పుతో అయితే ఇంకా బాగా కలుస్తుంది.